గట్టిమేళం కింది మాట

మా ఆయన తాతాజీ మండపేటలో పెళ్లి వీడియోలు తీసేవారు. మా వైపు ఏ ఇంటి బీరువా వెతికినా ఆయన తీసిన పెళ్లి ఒకటి దొరుకుతుంది. ఆ పెళ్లిలో ఆయన మాత్రం ఉండరు. కెమెరా వెనకున్నవాడు కనబడడు, సరే. వినబడకూడదు కూడా అని ఆయన పట్టుదల. "అమ్మా, ఇటు చూడండి", "బాబూ, తల కాస్త ఎత్తు" అని పందిట్లో అన్న మాటలన్నీ మిక్సింగులో ఏరి తీసేసి, ఆ చోట సన్నాయి అతికించేవారు.

"పెళ్లి వాళ్లది పాపాయీ. మన గొంతు వాళ్లింట్లో ఎందుకు?" అనేవారు.

వీడియో బాగుందని పెళ్లి పార్టీ వాళ్లు అనగానే అసలు తీసిందంతా డిస్కులోంచి చెరిపేసేవారు. ఆడపిల్లల మొహాలు, నగలు, ఇంటి గుట్టు మన దగ్గర ఉండిపోకూడదని, ఒకరి పెళ్లి మన గడప దాటి ఇంకొకరి చేతిలో పడకూడదని ఆయన నియమం. ఫోనులోనా, "ఊఁ, వస్తున్నా" తప్ప మూడో మాట ఉండేది కాదు. మొన్న మాఘమాసంలో ఆయన పోయాక, గోడకి పెట్టడానికి ఫొటో కూడా లేక డ్రైవింగ్ లైసెన్సులోది పెద్దది చేయించాం.

మొహం పరవాలేదు, కళ్లు మూసుకుంటే వస్తుంది. గొంతే జారిపోసాగింది. పప్పు దించుతూ, ఆయన "పాపాయీ" అని ఎలా పిలిచేవారా అని మనసులో అనుకుని చూసుకుంటే, అది నా గొంతుతోనే వినబడేది.

ఆయన తీసిన ఆఖరి పెళ్లి పెనుగొండలో. కోమట్ల పెళ్లి, పెద్ద మేళం. ఆ రాత్రి ఇంటికొచ్చి పెరుగన్నం తిని, కెమెరా బరువుకి భుజం పట్టేసిందని రుద్దుకుంటూ పడుకున్నారు. తెల్లారి లేవలేదు.

దినాలు అయిపోయాక విజయ్ పాల్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆయన పక్కన లైటు పట్టుకున్న మనిషి. వాడి తల కూడా నెరిసింది.

"అమ్మగారూ, ఒక మాటండి. పుస్తె కట్టేటప్పుడు గురువుగారు నా వైపు తిరిగి ఏదో అన్నారండి. గట్టిమేళంలో ముక్క వినబళ్లేదు. మీ పేరు మాత్రం వినబడింది. నవ్వుతున్నట్టు మొహం పెట్టారు. అయ్యాక, ఏంటండి అన్నారు అంటే, ఏం లేదులే సర్దు అన్నారండి."

తాళి కట్టే క్షణంలో తుమ్ము గానీ, ఏడుపు గానీ, అశుభపు మాట గానీ ఎవరి చెవినా పడకూడదు. అందుకని పురోహితుడు వేలెత్తి ఊపగానే డోలూ సన్నాయీ ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆ హోరులో ఆయన నా పేరు చెప్పి ఏదో అన్నారు.

ఏమని ఉంటారో నాకు తెలుసుననుకున్నాను. మా పెళ్లికి ఫొటోలు లేవు. తీసేవాడు రాక కాదు. వచ్చాడు, పెళ్లంతా తళుక్కు తళుక్కుమని వెలిగించాడు, పప్పూ బూరెలూ తిని వెళ్లాడు. రీలు వేసుకోవడం మర్చిపోయాడు. "ఆ కోపంతో పట్టాను కెమెరా" అని ఆయన ఎంతమందికి చెప్పి నవ్వించారో. ఏ పెళ్లిలో మూడు ముళ్లు పడుతున్నా నాకు మనదే గుర్తొస్తుంది పాపాయీ అనేవారు. అదే అని ఉంటారు. కానీ అది ఆయన గొంతుతో వినాలి. నాకింక కావలసింది అదొక్కటే.

అదృష్టం ఏమిటంటే పెనుగొండ పెళ్లి ఇంకా చెరపలేదు. మా ఒక్కగానొక్క కూతురు ఇంద్రజ దాన్ని మిక్సింగ్ చేసి ఇచ్చింది. దాని అత్తవారిల్లూ మండపేటే. కాలేజీలో ఉన్నప్పటి నుంచి వాళ్ల నాన్న పక్కన కూర్చుని పని నేర్చుకుంది. ఇప్పుడు ఆ పని అదే చూసుకుంటోంది. అసలు తీసింది తెరిచి ఆ ముక్క వినిపించింది. డోలు, సన్నాయి, హోరు. హోరు అడుగున ఎక్కడో మనిషి గొంతు ఉందన్న అనుమానం, అంతే.

"మేళాన్నీ మాటనీ విడదీసే ప్రోగ్రాములు వచ్చాయమ్మా. కానీ నాన్న సిస్టమ్ మీద నడవవు. ఇందులో గ్రాఫిక్స్ కార్డు మరీ పాతది. చిన్న రకం వేసి చూశాను, సన్నాయి కూడా మనిషి గొంతే అనుకుని వదిలేసింది. పెద్దది వేస్తే మెమరీ చాలదని ఆగిపోతోంది" అంది ఇంద్రజ.

"బయట ఎవరి చేతైనా చేయించకూడదా?"

"నాన్న ఒప్పుకునేవారా?"

ఒప్పుకోరు. ఇంకొకరి పెళ్లి మా గడప దాటకూడదు.

"ఎలాగూ కార్డు మార్చాలమ్మా. ఇప్పటి కెమెరాలు తీసేది ఇందులో తెరిస్తే బొమ్మ నత్తలా పాకుతోంది. సీజను ముందుంది" అంది.

అయితే నాకొక భయం. ఆ సిస్టమ్ చప్పుడు చేయదు. ఆయన చెవిలో హెడ్‌ఫోన్లు పెట్టుకోలేరు, చెవిపోటు. అందుకని ఒక్క చప్పుడు లేకుండా కట్టించుకున్నారు. డిస్కులు వణక్కుండా సైకిల్ ట్యూబు ముక్కలు కోసి గూడు కట్టి, అందులో ఊయలలా వేలాడదీశారు. గ్రాఫిక్స్ కార్డుకి ఫ్యానే లేదు. "పెళ్లిలో ఎవరూ వినని మాటలుంటాయి. అవి వినబడాలంటే ముందు మిషను నోరు మూసుకోవాలి" అనేవారు. నాకు అక్షరాలు వచ్చింది కూడా దాని ముందే. టైటిల్లో పేరు తప్పు పడితే పార్టీలు గొడవ చేస్తారని, శుభలేఖ నా చేతికిచ్చి, "అందులో బొమ్మా ఇందులో బొమ్మా ఒకటేనా చూడు" అనేవారు. బొమ్మలనుకుని చూసినవి కొన్నాళ్లకి అక్షరాలయ్యాయి. అప్పటికి నాకు యాభై దాటాయి.

ఆ సిస్టమ్ గురగురలాడడం మొదలుపెడితే, అందులోంచి వచ్చే ఆయన మాట నాకేం వినబడుతుంది?

"సరే. కొను. కానీ అది మాట్లాడకూడదు" అన్నాను.

ద్వారపూడి మీదుగా బస్సులో రాజమండ్రి వెళ్లాం. దేవీచౌక్ దగ్గర సందులో ఉదయ్‌కుమార్ షాపు. ఆ సిస్టమ్ కట్టింది అతనే. నన్ను చూడగానే లేచి కుర్చీ వేశాడు.

"తాతాజీగారి సిస్టమ్ అంటే మా షాపులో సామెతండమ్మగారు. కట్టిన రోజు ఆన్ అయిందో లేదో తెలియక నేనే మళ్లీ నొక్కి ఆపేసేవాడిని. నాలుగుసార్లు అలాగే చేస్తే, ఉదయ్‌గారూ, అది బతికే ఉందండి, మీరే చంపేస్తున్నారు అన్నారు."

నవ్వబోయి ముగ్గురం ఆగిపోయాం.

ఇంద్రజ సంగతి చెప్పింది. ఉదయ్‌కుమార్ వెనక అరలోంచి ఒక పెద్ద పెట్టె తెచ్చాడు.

"ఇది చూడండి. మూడు ఫ్యాన్లు. రంగురంగుల లైట్లు. పెళ్లి పందిరేనండి, ఆయ్!"

"పందిళ్లలోనే బతికాం బాబూ. నోరు మూసుకుని పని చేసేది చూపించు" అన్నాను.

నా చేతిసంచిలోంచి పురికొస తీశాను. క్యాబినెట్ లోపల వెనక గోడ నుంచి డిస్కుల గూటిదాకా కొలిచి ముడేసి తెచ్చాను. ఉదయ్‌కుమార్ దాన్ని కార్డు మీద పరిచి చూశాడు. కార్డు ముడి దాటి నాలుగు వేళ్లు ముందుకొచ్చింది.

"గూడు తీసేస్తే పట్టేస్తుందండి."

"అది తియ్యం" అన్నాం ఇద్దరం ఒకేసారి.

తరవాత ఒక చిన్నది చూపించాడు. దీనికి విడిగా కరెంటు వైరు కూడా అక్కర్లేదు, పిల్లిలా పడుంటుంది అన్నాడు. ఇంద్రజ పెట్టె వెనక చదివి పెదవి విరిచింది. "మెమరీ ఆరే కదండీ. ఎనిమిదైనా ఉంటే గానీ నా ప్రోగ్రాము లేవదు."

"పన్నెండున్నది సెకండ్‌హ్యాండ్ ఒకటుంది. కానీ అమ్మాయిగారూ, నిజం చెప్పాలిగా. కరెంటు తెగ తాగుద్ది. మీ పవర్ సప్లై ఆనాటిది, పెద్దాయన నెత్తిన మూట పెట్టినట్టే. ఫ్యాన్లు కూడా అరిగాయి, వినండి." వేలితో తిప్పాడు. కర్రుమంది. నేను చెయ్యి అడ్డం పెట్టేశాను.

ఆఖరికి మధ్యరకంది తీశాడు. ఇంద్రజ దాన్ని ఫార్టీ సిక్స్టీ అంటుంది. పొట్టిది, రెండు ఫ్యాన్లు, మెమరీ ఎనిమిది. పురికొస పరిస్తే ముడికి ఇవతలే ఆగింది.

"ఇది కరెంటు తక్కువ తింటుందండి. వేడెక్కేదాకా ఫ్యాన్లు తిరగనే తిరగవు. పనైపోయి చల్లారగానే ఆగిపోతాయి."

"ఆగిపోతాయంటే పూర్తిగానా, సణుగుతూ ఉంటాయా?"

"పూర్తిగానండి."

నేను నమ్మలేదు. తన సిస్టమ్‌కి తగిలించి, షట్టరు సగం దించి చూపించాడు. వంగి చెవి ఆనించాను. పని పెట్టినప్పుడు ఎక్కడో విసనకర్ర విసురుతున్నట్టు గాలి. పని ఆపాడు. కాసేపటికి గాలి తగ్గి, తగ్గి, పోయింది. షట్టరు అవతల ఆటోల మోత తప్ప ఏమీ లేదు.

"ఒక్కటండి. మీది పాత బోర్డు. దీని బలమంతా అక్కడ రాదు, కాస్త తగ్గుద్ది" అన్నాడు.

"మాకూ అంతేలే బాబూ. ఇచ్చెయ్" అన్నాను.

మర్నాడు సాయంత్రమే బిగించాం. ఆ తరవాతి రోజు అమావాస్య, ఆ రోజు కొత్త వస్తువు పెట్టకూడదు కదా. విజయ్ పాల్ కూడా వచ్చాడు. ఇంద్రజ క్యాబినెట్ తెరిస్తే వాడు లైటు పట్టుకున్నాడు.

"జన్మంతా ఇదే పనండి నాకు. స్వర్గంలో కూడా ప్రభువు నా చేతికి లైటే ఇస్తాడు" అన్నాడు.

పాత కార్డు బయటికొచ్చింది. అల్యూమినియం రేకులు, పూతరేకులా పొర మీద పొర. అంచున ఎండిపోయిన గంధం, దాని మీద కుంకుమ. దసరాకి ఆయన క్యాబినెట్ తెరిచి, పని చేసేది ఇదే కదా అని పెట్టిన బొట్టు. ఇంద్రజ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

కొత్తది దిగాక ఇంద్రజ అంది: "అమ్మా, దీనికి నువ్వు పెట్టు."

ఆయన పోయాక కుంకుమ భరిణెకి నా చెయ్యి తగల్లేదు. తటపటాయించాను.

"పెట్టండమ్మగారూ. గురువుగారి మిషనుకి మీరు కాక ఇంకెవరు పెడతారండి" అన్నాడు విజయ్ పాల్. వాడిది చర్చి, వాడికీ బొట్టుకీ సంబంధం లేదు. వాడు చెప్పాడు కాబట్టే పెట్టగలిగానేమో.

వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "రేపు వినేటప్పుడు నేనుంటే బావుణ్నండి. రావులపాలెంలో చర్చి పెళ్లి ఒప్పుకున్నాను. ఏమన్నారో చెప్పాలి మరి. నా పక్కనుండి అన్నారు, నాకే వినబళ్లేదు."

అమావాస్య నాడు బస్తాలు మోసే కలాసీలు పనిలోకి రారు. మా ఇంటి ఎదురు రైసుమిల్లు ఆగిపోయింది. లారీలు లేవు. ఆ మధ్యాహ్నం వీధి అంత మౌనంగా ఉండడం నేనెప్పుడూ ఎరగను. ఇంద్రజ తలుపు వేసి, వంటింట్లో ఫ్రిజ్ కూడా ఆపి వచ్చి కూర్చుంది. పెనుగొండ పెళ్లి తీసింది, ఆ ముక్క కోసింది, ప్రోగ్రాముకి అప్పగించింది.

కార్డు ఫ్యాన్లు లేచాయి. ఉదయ్‌కుమార్ షాపులో విన్న గాలే. తెర మీద పచ్చగీత మెల్లగా సాగింది. నేను చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాను. పెళ్లిచూపుల నాడు కూడా అంత గుండెదడ లేదు. గీత చివరికి చేరింది. గాలి తగ్గింది. ఆగింది.

"పెట్టనా అమ్మా?"

"పెట్టు."

పెళ్లికొడుకు వంగి ఉన్నాడు. పురోహితుడు వేలెత్తి ఊపాడు. డోలు వాయించేవాళ్లు రెండు చేతులా బాదుతున్నారు, చప్పుడు లేదు. సన్నాయి ఊదేవాడి బుగ్గలు ఉబ్బాయి, చప్పుడు లేదు. అక్షింతలు పట్టుకున్న చేతులన్నీ పైకి లేచి ఉన్నాయి. ఆ నిశ్శబ్దంలో, నా చెవి పక్కనే, ఆయన.

"వీరమ్మగారూ, కాస్త పక్కకమ్మా, పుస్తె కనబడట్లేదు."

అదే గొంతు. చివర కాస్త బొంగురు. నేను మర్చిపోయిన బొంగురు అదే. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చెయ్యి కూడా ఊపి ఉంటారు, పెళ్లికూతురి నాయనమ్మ పక్కకి జరిగింది. పెళ్లికొడుకు మొదటి ముడి వేస్తున్నాడు.

తరవాత ఊపిరి. పెద్ద ఊపిరి.

"విజయ్... విజయ్ పాలూ. ఎడం చెయ్యి లాగేస్తోందిరా. ఇది పట్టు... వద్దు వద్దు. ముడి పడనీ. మూడో ముడి పడనీ."

రెండో ముడి పడింది. కెమెరా పట్టిన చెయ్యి చెదరలేదు, బొమ్మ వెంట్రుకవాసి కదల్లేదు.

"పాపాయికి చెప్పకు. కంగారు పడిపోద్ది."

మూడో ముడి పడింది. అక్షింతలు వానలా రాలాయి. బొమ్మ అప్పుడు కూడా కదల్లేదు.

ఇంద్రజ రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను తెర వైపే చూస్తున్నాను. అశుభపు మాట ఎవరి చెవినా పడకూడదని మేళం. దాని పని అది చేసింది. ఆ పిల్ల పెళ్లిలో ఏ అపశకునమూ వినబడలేదు.

"మళ్లీ పెట్టు" అన్నాను.

"వద్దమ్మా."

"పెట్టు."

మళ్లీ వీరమ్మగారు పక్కకి జరిగారు. మళ్లీ ఊపిరి. "ఎడం చెయ్యి లాగేస్తోందిరా" అనగానే నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"దించెయ్యండి."

ఆయన దించలేదు.

"ఎవరి పెళ్లయితే ఏంటండీ. దించెయ్యండి ఆ కెమెరా."

ముడి పడనీ అన్నారు. పాపాయికి చెప్పకు అన్నారు. అయిపోయింది. మిల్లు లేదు, ఫ్రిజ్ లేదు, ఫ్యాను లేదు. అంత నిశ్శబ్దం కావాలని నేనే కోరి తెచ్చుకున్నాను.

ఇంద్రజ నా ఒళ్లో తల పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. చిన్నప్పుడు కూడా అంత ఏడవలేదు. లేచాక మొహం తుడుచుకుని, "విజయ్ పాల్ వస్తాడమ్మా. అడుగుతాడు" అంది.

అప్పటిదాకా నాకు వాడు గుర్తే లేడు. చెయ్యి చాపితే అందేంత దూరంలో లైటు పట్టుకుని నిలబడ్డ మనిషి. చెప్పింది వాడికే. ఈ మాట ఒక్కసారి వాడి చెవిన పడితే, ఇంక ఏ పెళ్లిలో మేళం మోగినా వాడికి వినబడేది ఇదే.

"మేళం లేనిది చెరిపెయ్యి" అన్నాను.

"అమ్మా, నాన్న గొంతు..."

"మేళంతో ఉన్నది ఉంచు. అది చాలు. అడుగున ఉన్నారని తెలుసుగా."

అది చాలాసేపు నా మొహం చూసింది. తరవాత తెర వైపు తిరిగి చెరిపేసింది. అలా చెరపడం దానికి నేర్పింది వాళ్ల నాన్నే.

మర్నాడు పొద్దున్నే విజయ్ పాల్ వచ్చాడు. రావులపాలెం నుంచి అరటిపళ్ల అత్తం తెచ్చాడు. చెప్పులు విప్పుతూనే అడిగాడు.

"ఏమన్నారండి అమ్మగారూ?"

పండగ బట్టలు బయటికి తీస్తారేమోనని సంచి వైపు చూసే పిల్లాడి మొహం పెట్టుకుని నిలబడ్డాడు, నెరిసిన తలతో.

"విడిపోలేదు నాయనా. సన్నాయీ మాటా కలిసిపోయాయిట. మిషనుకి చేతకాలేదు" అన్నాను.

ఇంద్రజ తెర వైపు తిరిగి, లేని పని ఏదో చేస్తోంది. విజయ్ పాల్ అరటిపళ్లు గట్టు మీద పెట్టి క్యాబినెట్ వైపు కోపంగా చూశాడు.

"నేననుకుంటూనే ఉన్నానండి. ఆ మూడు ఫ్యాన్లది తేవాల్సింది. ఉదయ్‌గారు మీకు చిన్నది అంటగట్టేశారు."

"పెద్దది పట్టదు కదా."

"గూడు తీసేస్తే పట్టేదంటగా."

"ఆ గూడు ఆయన కట్టింది."

వాడు వెనక్కి జరిగాడు. గుమ్మం పక్కన కూర్చున్నాడు. నేను కాఫీ కలిపి తెచ్చి ఇచ్చాను. గ్లాసు రెండు చేతుల మధ్యా తిప్పుకున్నాడు.

"పోనీలెండమ్మగారూ. మాట దొరక్కపోతే పోయింది. నవ్వుతూనే అన్నారండి గురువుగారు. అది మాత్రం నా కళ్లతో చూశాను" అన్నాడు.

"అవును నాయనా. నువ్వు చూశావుగా" అన్నాను.